స్వెటర్ సంగతి తర్వాత, ముందు అది పడుకునే చోటు చూడండి

చలికాలంలో మా లాబ్రడార్‌కు స్వెటర్ కొనాలా, ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. మాది ఆదిలాబాద్. డిసెంబరు, జనవరిలో ఇక్కడ రాత్రిపూట 10 డిగ్రీల కిందికి పడిపోవడం మామూలే. మా ఇంట్లో ఎప్పుడూ ఓ కుక్క, గేటు బయట ఓ నాలుగు ఉంటాయి. మీ లాబ్రడార్‌కు స్వెటర్ అక్కర్లేదండీ, దాని ఒంటిమీద రెండు పొరల బొచ్చుంది. మీ ఇంట్లో టైల్స్ సంగతి చూడండి.

మనం మంచం మీద పరుపేసుకుని, పైన రగ్గు కప్పుకుని పడుకుంటాం. కుక్క రాత్రంతా బండల మీద పడుకుంటుంది. ఆ బండ దాని ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. నన్నడిగితే, వయసు మీదపడ్డ కుక్కలు చలికాలం పొద్దున్నే లేవలేక కుంటడానికి సగం కారణం ఇదే. ఓ చెక్క బల్ల గానీ, పాత నవారు మంచం గానీ వేసి దానిమీద మందంగా ఏదైనా పరవండి. మా బాపు గోనె సంచిలో ఎండు వరిగడ్డి కుక్కి మూతి కుట్టేసేవాడు. అప్పుడప్పుడు ఎండలో వేస్తే చాలు, ఆన్‌లైన్లో వేలు పోసి కొనే పరుపులు దానిముందు దిగదుడుపే.

అసలు చలికి బలయ్యేది కుక్కపిల్లలు. మన వీధి కుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో చూలు కట్టి, రెండు నెలలకు సరిగ్గా చలి ముదిరే వేళకు ఈనుతాయి. మా వీధిలో లచ్చి అని ఓ కుక్క ఉండేది. అది పక్కింటి మెట్ల కింద ఈనింది. ఓ తెల్లవారుజామున చూస్తే ఒక పిల్ల ఎలా జారిందో ఏమో, మోరీ పక్కన సిమెంటు మీద పడి ఉంది. ఇంకా కళ్లు తెరవలేదు. చేతిలోకి తీసుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన టమాటాలా ఉంది. నోట్లో వేలు పెడితే నాలుక కూడా చల్లగా తగిలింది, చప్పరించే ఓపిక లేదు.

పక్కింటి పెద్దమ్మ అప్పటికే పాలు వెచ్చబెట్టి, దూది పట్టుకుని వచ్చేసింది. "పాలు వద్దు పెద్దమ్మా, ముందు ఒళ్లు కాగాలి" అన్నాను. "పసిదాని నోటికాడి పాలు ఆపుతవా" అని తిట్టింది. కానీ ఒళ్లు చల్లబడ్డ పిల్లకు పేగులు కదలవు, పోసిన పాలు అరగవు. గుటక వేయలేక ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. గోరువెచ్చని నీళ్ల బాటిల్‌కు పాత లుంగీ చుట్టి, చెప్పుల డబ్బాలో పిల్ల పక్కన పెట్టాం. నీళ్లు చల్లారినప్పుడల్లా పెద్దమ్మే మార్చింది. పొయ్యి దగ్గరో, హీటర్ ముందో పెట్టి ఒక్కసారిగా కాచకూడదు, నిదానంగా వేడెక్కాలి. ఎండ గోడమీదికి వచ్చేసరికి అది తలెత్తి ముక్కుతో వెతకడం మొదలెట్టింది. వేలు పెడితే గట్టిగా చప్పరించింది. అప్పుడు తీసుకెళ్లి లచ్చి చన్నుకు అందించాం. తల్లి ఉన్నంతసేపు ఆవు పాలు, గేదె పాలు పొయ్యొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంకో మాట. మనం చలిమంట కాచుకుని ఇళ్లల్లోకి పోతాం. కుక్కలు ఆ వెచ్చటి బూడిదలోకి చేరతాయి, అడుగున నిప్పులుంటాయి. పొట్ట కాలిన కుక్కల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. లేచేముందు రెండు చెంబుల నీళ్లు పోస్తే ఏం పోతుంది? పొద్దున్నే కారు తీసేటప్పుడు కూడా కింద ఓసారి చూసి, బానెట్ మీద చరచండి.

మందుల విషయంలో నాకు చాలా కోపం. కుక్క ఒళ్లు ఎప్పుడూ 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. మనకది జ్వరం, దానికి మామూలు. చెయ్యి పెట్టి చూసి "జ్వరమొచ్చింది" అని మెడికల్ షాపులో మనుషుల గోళీ తెచ్చి వేస్తారు. షాపువాళ్లూ అడగకుండా ఇచ్చేస్తారు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలు పాడుచేస్తుంది. పారాసెటమాల్ కూడా డాక్టర్ చెప్పకుండా వేయొద్దు.

ఇక మీదానికి: వాకింగ్ ఎండ వచ్చాకే. స్నానం మధ్యాహ్నం చేయించి, బొచ్చు లోపలిదాకా ఆరనివ్వండి. చలికి నీళ్లు తక్కువ తాగుతుంది కాబట్టి గోరువెచ్చగా పెట్టండి. చలికాలం కదా, పిడుదులుండవులే అనుకోవద్దు, మన దగ్గర అవి ఏడాదంతా ఉంటాయి. స్వెటర్ అనేది చిన్న కుక్కపిల్లలకు, బాగా ముసలివాటికి, డాబర్‌మన్ లాంటి పలచటి బొచ్చు ఉన్నవాటికి వేయొచ్చు, అదీ రాత్రిపూటే. వ్యాక్సిన్లు పూర్తికాని కుక్కకు కళ్ల పుసి, ముక్కు కారడం, తిండి మానేయడం కనిపిస్తే జలుబేలే అని ఊరుకోవద్దు, డిస్టెంపర్ అనే ప్రాణం తీసే వైరస్ జబ్బు కావచ్చు. ఆ రోజే పశువుల డాక్టర్‌కు చూపించండి.