సమాధానం: జికా సర్వేలో పేదల స్కోరు తగ్గితే 'అవగాహన లేదు' అని రాసేయొచ్చా?

అంత తొందరగా రాసేయకండి. దోమల ద్వారా సోకే జికా వైరస్ గురించి జనానికి ఎంత తెలుసో కొలిచే మీ సర్వేలో చదువు, ఆదాయం తక్కువున్న వాళ్లకు మార్కులు తగ్గాయన్నారు కదా, ముందు మీ ప్రశ్నలే ఒకసారి చూడండి. 'జికా లైంగిక సంబంధం వల్ల సోకుతుందా, అవునా కాదా' అని అడిగితే తెలియనివాళ్లు కూడా ఊహించి ఏదో ఒకటి టిక్ పెడతారు, పరీక్షలు రాసి రాసి అలవాటైన వాళ్ల ఊహ కాస్త ఎక్కువసార్లు కలిసొస్తుంది. 'తెలియదు' అనే ఆప్షన్ తప్పకుండా ఉండాలి.

నాకు ఇంకా ముఖ్యం అనిపించేది వేరే ఉంది. తెలియడం వేరు, చేయగలగడం వేరు. జికాను మోసే ఏడిస్ దోమ నిల్వ నీటిలో పెరుగుతుందని ఒక ఇల్లాలికి బాగానే తెలుసు అనుకోండి, కానీ కుళాయి వారానికి రెండు రోజులే వచ్చే ఇంట్లో డ్రమ్ము ఖాళీ చేయమంటే ఆమె వంట దేనితో చేస్తుంది? బ్రెజిల్‌లో 2015-16లో జికా విజృంభించినప్పుడు రెసిఫే నగరంలో, తల్లికి గర్భంతో ఉండగా జికా సోకడం వల్ల తల చిన్నదిగా పుట్టిన పిల్లలు పేదల పేటల్లోనే ఎక్కువగా కనిపించారు. అది ఒక్క అవగాహన లోపమని ఎలా అంటాం?

అందుకే నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, కిటికీలకు మెష్ ఉందా అనేవి కూడా అడగండి. విశ్లేషణలో చదువు, ఆదాయం, వయసు, నీటి సరఫరా అన్నీ కలిపి ఒకే రిగ్రెషన్‌లో (ఒక్కో అంశం ప్రభావాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి చూపే లెక్కల పద్ధతి) పెట్టండి, విడివిడిగా చూస్తే ఒకదాని ప్రభావం ఇంకోదాని ఖాతాలో పడుతుంది. జికా సోకిన చాలామందికి లక్షణాలే ఉండవు, దీని గురించి అడిగే ప్రశ్నలో బాగా చదువుకున్నవాళ్లూ తప్పుతారేమో విడిగా చూడండి, మొత్తం స్కోరులో కలిపేస్తే అది కనపడదు.