బ్లాగు రాస్తే ఏసీ రిపేర్లకి ఫోన్లు వస్తాయా? నాకైతే వచ్చాయి

"చిన్న సర్వీసు వ్యాపారం నాది, క్రమం తప్పకుండా బ్లాగు రాస్తే కస్టమర్లు వస్తారా, వారానికి ఎన్ని పోస్టులు రాయాలి" అని అడిగారు. వస్తారు. ఎన్ని రాయాలి అన్న లెక్క దగ్గరే నేను డబ్బు పోగొట్టుకున్నాను, కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

మాది విజయవాడలో ఏసీ సర్వీసింగ్. నేను, ఇద్దరు కుర్రాళ్లు, ఒక ట్రాలీ ఆటో. మొదట్లో ఒక డిజిటల్ మార్కెటింగ్ అబ్బాయి తగిలాడు. నెలకి ఎనిమిది పోస్టులు, ఎనిమిది వేలు అన్నాడు. మూడు నెలలు కట్టాను. రాసిచ్చిన వాటిలో ఒకటి 'వేసవిలో ఏసీ వల్ల కలిగే పది ప్రయోజనాలు'. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఏసీ ఎందుకో ఎవరికి చెప్పాలండీ? ఆ మూడు నెలల్లో బ్లాగు చూసి ఫోన్ చేసినవాడు ఒక్కడే. వాడు కూడా టోకున కాపర్ పైపులు అమ్ముతానని చేశాడు.

ఆ తర్వాత నేనే రాయడం మొదలుపెట్టాను. నాకు రాయడం రాదు, ఐటీఐ చదువు. సర్వీసు బుక్కు ముందు పెట్టుకుని, ఆ వారం ఏ ఇంట్లో ఏం జరిగిందో ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్‌లో చెప్పేవాణ్ని. ఆదివారం రాత్రి ఒకటి, అంతే. బ్లాగర్‌లో పెట్టాను, అది ఉచితం. ఆ లింకే వాట్సాప్ స్టేటస్‌లోకి.

రెండో పోస్టు 'ఇండోర్ యూనిట్ నుంచి నీళ్లు కారుతుంటే మెకానిక్‌ని పిలిచే ముందు ఇవి చూడండి'. ఫిల్టర్ తీసి కడగండి, దుమ్ము పట్టి గాలి ఆడకపోతే కాయిల్ మీద మంచు కట్టి, అది కరిగి కారుతుంది. బయట డ్రెయిన్ పైపు కొస బకెట్‌లో నీళ్ల కింద మునిగి ఉందేమో చూడండి, మునిగితే నీళ్లు సరిగ్గా దిగవు. ఇలా నాలుగు ముక్కలు రాశాను. మా పెద్ద కుర్రాడు చదివి, "అన్నా, ఇవన్నీ చెప్పేస్తే మనల్ని ఎవరు పిలుస్తారు?" అన్నాడు. నాకూ అదే భయం.

ఏప్రిల్‌లో ఒక రాత్రి పదింటికి ఫోన్. "ఏమయ్యా, నువ్వు రాసినట్టే చేశాను. ఫిల్టర్ కడిగాను, బకెట్ తీసేశాను. నీళ్లు మాత్రం ఆగలేదు. తెలిసీ తెలియని రాతలు ఎందుకు రాస్తావు?" గొంతు వింటేనే హెడ్మాస్టరని తెలిసిపోయింది, నిజంగానే రిటైర్డ్ హెడ్మాస్టరు. పొద్దున్నే పటమటలో వాళ్లింటికి వెళ్లాను.

టీపాయ్ మీద నా పోస్టు ప్రింటు తీసి పెట్టుంది. దాని నిండా ఎర్ర ఇంకు! 'శుబ్రం' అన్న చోటల్లా బకి వత్తు తగిలించారు. ఒక వాక్యం పక్కన 'కర్త ఏడి?' అని రాసుంది. ఏసీ కింద స్టీలు బేసిన్, అందులో చుక్క చుక్కగా పడుతున్న నీళ్లు. నేను ఏసీ చూడాలో ఆ కాగితం చూడాలో తెలియక నిలబడిపోయాను.

ఇండోర్‌లో ఏ తప్పూ లేదు, లోపల నీళ్లు పడే ట్రే మాత్రం నిండి ఉంది. బాల్కనీలోకి వెళ్లి పైపు కొస చూస్తే, లోపల గట్టిగా మట్టి. కందిరీగ గూడు కట్టేసింది. చలికాలమంతా ఏసీ ఆపి ఉంచారు కదా, దానికి చక్కటి ఇల్లు దొరికింది. జీఐ తీగ వంచి పొడిచాను. మట్టి పెళ్ల ఊడింది, వెనకాలే నల్లటి జిగురు, దాని వెనక నిలవున్న నీళ్లన్నీ ఒక్కసారిగా నా చొక్కా మీద. మాస్టారు మొదటిసారి నవ్వారు. విజిటింగ్ చార్జీ 350 తీసుకుంటుంటే, "ఇది రాయలేదేం నువ్వు?" అన్నారు. నిజమే, రాయలేదు. ఆ రాత్రే కలిపాను. కొసకి చిన్న జాలీ ముక్క కట్టమని, అది కూడా పూడిపోకుండా నెలకోసారి చూసుకోమని.

తర్వాత ఆయన ఆ లింకు వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. ఆ వేసవిలో ఆ ఒక్క బిల్డింగ్ నుంచే పదకొండు సర్వీసులు. ఎనిమిది వేల ప్యాకేజీ చేయలేనిది ఒక ఎర్ర పెన్ను చేసింది. ఇప్పటికీ పోస్టు పెట్టే ముందు ఆయనకి పంపుతాను. కర్త ఎక్కడున్నాడో ఆయనే వెతుక్కుంటారు.

నాకు ఎక్కువ ఫోన్లు తెచ్చింది మాత్రం గ్యాస్ మీద రాసినది. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోదు, సీలు చేసిన పైపుల్లో అదే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా ఏటా గ్యాస్ పట్టిస్తే, అది మళ్లీ పోతుంది, మీ డబ్బూ పోతుంది. ఇది రాసినందుకు ఈ లైన్లో సీనియర్ ఒకాయన "మా పొట్ట కొడుతున్నావురా" అని తిట్టారు. తిట్టనివ్వండి. "గ్యాస్ అయిపోయిందన్నారు, మీరొకసారి చూస్తారా" అంటూ వచ్చే ఫోన్లే ఇప్పుడు నా సీజన్‌లో సగం.

కొన్ని పోస్టుల వల్ల పని తగ్గుతుంది, ఒప్పుకుంటాను. 2020 నుంచి వస్తున్న స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా రూలు పెట్టారు. అది తెలియక "రిమోట్ పాడైంది, నేను ఎంత పెట్టినా మళ్లీ 24కే వస్తోంది" అని పిలిచేవాళ్లు. ఆ విషయం రాశాక ఆ ఫోన్లు తగ్గాయి. ఎండలో ఊరికే అంత దూరం వెళ్లి, రిమోట్ బాగానే ఉందని చెప్పి, చార్జీ అడగలేక తిరిగొచ్చే బాధ కూడా తగ్గింది.

ఇక క్రమం తప్పకుండా అంటారా? మే నెలలో ఎవడు రాస్తాడండీ, రోజుకి పన్నెండు కాల్స్. నేను దసరా నుంచి శివరాత్రి దాకా వారానికొకటి రాస్తాను, అప్పుడు షాపులో ఈగలు తోలుకోవడమే పని. గూగుల్‌లో కొత్త పోస్టు పైకి రావడానికి ఎలాగూ నెలలు పడుతుంది. మార్చిలో జనం వెతకడం మొదలెట్టేసరికి అది అక్కడ ఉండాలి. ఇంకోటి, మనవాళ్లు చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. అందుకని పోస్టు కింద ఆ ప్రశ్నని అలా కూడా ఒకసారి రాసి పెడతాను. ఊరి పేరు, ఏరియాల పేర్లు తప్పకుండా ఉండాలి. అవి లేని పోస్టులు చూసి హైదరాబాద్ నుంచి, ఒకసారి అమెరికాలో డల్లాస్ నుంచి కూడా ఫోన్ వచ్చింది. ఆ డల్లాస్ ఆయన అరగంట సలహా తీసుకుని థాంక్స్ చెప్పి పెట్టేశారు. ఫోన్లో ఉచితంగా రిపేరు చేయించుకునేవాళ్ల గురించి విడిగా ఒక పోస్టు రాయాలని ఉంది కానీ మాస్టారు వద్దన్నారు.

కాపీ కొట్టేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఊళ్లోనే ఒకతను నా నీళ్ల పోస్టు మక్కీకి మక్కీ ఎత్తి తన సైటులో పెట్టుకున్నాడు. ఫొటోలు కూడా నావే, ఒకదాంట్లో నా చెయ్యి కనిపిస్తుంది. కానీ చివర్న నా ఫోన్ నంబరు తీసేయడం మర్చిపోయాడు. వాళ్ల కస్టమర్లు ఇద్దరు నాకే ఫోన్ చేశారు, వెళ్లి చేసొచ్చాను. ఇప్పుడు నంబరు పోస్టు మధ్యలో కూడా రాస్తున్నాను.

ఈ ఆదివారం రాయాల్సింది బల్లి గురించి. అవుట్‌డోర్ యూనిట్‌లో వెచ్చగా ఉంటుందని దూరి, పీసీబీ, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు మీద షార్టయి, ఆ బోర్డుని తనతో పాటు తీసుకుపోయింది. ఫొటో ఉంది కానీ, అది పెడితే ఎవరూ చదవరని మా ఆవిడ అంటోంది. మాస్టారిని అడగాలి.