హోలోకాస్ట్ మ్యూజియంలో నల్లజాతీయుల చరిత్ర ఎందుకు?

హోలోకాస్ట్ అంటే నాజీలు యూదులను సామూహికంగా చంపిన ఘోరం. అమెరికాలో యూదుల చరిత్ర, నల్లజాతీయుల చరిత్ర కొన్నిచోట్ల నిజంగానే కలిశాయి కాబట్టి, కొన్ని హోలోకాస్ట్ మ్యూజియంలు రెంటినీ కలిపి చెబుతాయి. 1933లో జర్మనీలో నాజీలు యూదు ప్రొఫెసర్లను ఉద్యోగాల్లోంచి తీసేశారు. అమెరికా చేరిన వాళ్లలో బాగా పేరున్నవారికి పెద్ద యూనివర్సిటీల్లో చోటు దొరికింది. మిగతా చాలామందికి అక్కడా యూదులంటే పడని వాతావరణమే ఎదురైంది. అలాంటివారిలో సుమారు 50 మందిని నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే కాలేజీలు తీసుకున్నాయి. న్యూయార్క్‌లోని యూదు వారసత్వ మ్యూజియం 2009లో దీని మీద ప్రత్యేక ప్రదర్శనే పెట్టింది.

ఉదాహరణకు ఎర్న్‌స్ట్ బోరిన్‌స్కీ. జర్మనీలో న్యాయశాస్త్రం చదివిన ఈయన 1947 నుంచి అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, నల్లజాతి విద్యార్థుల టూగలూ కాలేజీలో సోషియాలజీ బోధించారు. నల్లవారు, తెల్లవారు కలిసి కూర్చోకూడదన్న రోజుల్లో ఇద్దరినీ ఒకే గదిలోకి పిలిచి చర్చలు నడిపారు. 1983లో చనిపోతే ఆ క్యాంపస్‌లోనే ఖననం చేశారు.

రెండు జాతుల బాధా ఒకటేనని చెప్పడమే ఈ కార్యక్రమాల ఉద్దేశమని చాలామంది అనుకుంటారు. అది అపోహ. తరతరాల బానిసత్వం వేరు, 60 లక్షల మంది యూదులను చంపిన పథకం వేరు. పైగా మిసిసిపీ బస్సులో తెల్లవాడైన శరణార్థి ప్రొఫెసర్‌కు ముందు సీటు దొరికేది, నల్లజాతివారైన ఆయన విద్యార్థులకు దొరికేది కాదు.