కలబంద రాస్తే జుట్టు రాలడం ఆగుతుందా? తల ఎందుకు దురద పెడుతోంది?

మీరు మూడు విషయాలు అడిగారు. కలబందతో జుట్టు రాలడం తగ్గుతుందా, మట్ట చీల్చి తలకు రుద్దుకున్న కాసేపటికే దురద ఎందుకు పుట్టింది, ఇంట్లో చెట్టు మేలా అంగడిలో జెల్ మేలా అని. నాది కళ్యాణదుర్గం వైపు పల్లె. మా జేజి కాలం నుంచీ ఇంట్లో కలబంద వాడుతున్నాం. ముందు దురద సంగతి చెప్తాను, అది వెంటనే సరిచేసుకోగలిగింది కాబట్టి.

మట్ట కోయగానే తెగిన చోట పసుపచ్చని పసరు కారుతుంది. అది తోలు కిందనే ఉంటుంది. అందులోని అలోయిన్ అనే పదార్థం శానా చేదు, కొందరి చర్మానికి అసలు పడదు. ఆ పసరును ఎండబెడితే వచ్చేదే ముసాంబరం, వాపులకూ బెణుకులకూ పట్టు వేస్తారు చూడండి, అది. మీరు మట్టను చీల్చి అట్లే రుద్దుకున్నారు కాబట్టి గుజ్జుతో పాటు పసరు కూడా తలకు పట్టి ఉంటుంది. మా జేజి మట్ట కోసి, తెగిన వైపు కిందికి పెట్టి చెంబులో నిలబెట్టేది. అరగంటలో పసరంతా దిగిపోతుంది. తర్వాత కడిగి, అంచుల ముళ్లు చెక్కి, తోలు తీసి, లోపలి తెల్లటి గుజ్జును మళ్లీ ఒకసారి కడగాలి. చేతికి పసుపు రంగు అంటుతుంటే ఇంకా కడగాలనే. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి పల్చటి గుడ్డలో వడకట్టుకుంటే వెంట్రుకల్లో తునకలు ఇరుక్కోవు.

ఇంతచేసినా మొదటిసారి తలకు పూయొద్దు. మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడితే మీకు కలబంద సరిపడదు, వదిలేయండి. ఉల్లి, వెల్లుల్లి తగిలితే చర్మం దద్దుర్లెక్కేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో మాట. పొలం గట్ల మీదా రైలు పట్టాల పక్కనా ఉండేది కిత్తనార, కలబంద కాదు. దూరం నుంచి రెండూ ఒకేలా కనపడతాయి. కిత్తనార మట్ట కొసన సూదిలాంటి గట్టి ముల్లు ఉంటుంది, విరిస్తే లోపల గుజ్జు బదులు నార వస్తుంది. దాని రసం తగిలితే ఒళ్లు మండి బొబ్బలెక్కుతుంది. మీరు మట్ట ఎక్కడ కోశారో రాయలేదు, అందుకే చెప్తున్నాను.

ఇక జుట్టు రాలడం. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వెలుతురులో పట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి గడ్డలాంటిది ఉంటే అది కుదురు నుంచి ఊడింది. అది లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. కలబంద పనికొచ్చేది తెగే జుట్టుకు. గుజ్జులో నూటికి తొంభై ఎనిమిది పాళ్లకు పైగా నీళ్లే, మిగిలినదాంట్లోని జిగురు వెంట్రుకకు పట్టుకుని జారుడుగా చేస్తుంది. చిక్కు సులువుగా వస్తుంది, దువ్వేటప్పుడు తెగదు. మన బోరు నీళ్లలో సున్నం, లవణాలు ఎక్కువ. సబ్బుతో తల రుద్దుకుంటే ఆ లవణాలూ సబ్బూ కలిసి తెట్టులా వెంట్రుకకు అంటుకుంటాయి, ఆ పైన మన ఎండలూ దుమ్మూ. గరుకుబారిన అలాంటి జుట్టు మీదే కలబంద ఫలితం బాగా కనపడుతుంది. మా ఇంట్లో వారానికి ఒకసారి, కొబ్బరినూనె రాయకుండా, గుజ్జును కుదుళ్లకూ కొసలకూ పట్టించి అరగంట తర్వాత సీకాయతో తలకు పోసుకుంటాం. సబ్బులా తెట్టు కట్టదు కాబట్టి మా నీళ్లకు సీకాయే సరిపోయింది. ఆఖరి రెండు చెంబులు మాత్రం సత్యసాయి తాగునీటి పథకం నీళ్లతో కడుక్కుంటాం. ఆ రెండు చెంబులతో వచ్చే తేడా చేతికి తెలుస్తుంది.

కుదురు నుంచి ఊడే జుట్టును కలబంద ఆపలేదు. ఇది నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే మా పాపకు కాన్పయిన మూడు నెలలకు పిడికెళ్లు పిడికెళ్లు ఊడింది. కలబంద పూశాం, మందారాకు పూశాం, తల చల్లగా హాయిగా ఉందనేది, ఊడేది మాత్రం ఊడుతూనే ఉండింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువుంది. ఐరన్ మాత్రలు, రాగిసంకటి, ఆకుకూరలు, గుడ్లు మొదలుపెట్టాక నెలలు గడిచేకొద్దీ నుదుటి మీద కొత్త వెంట్రుకలు మొలిచాయి. కాన్పు తర్వాత ఊడేది చాలామందికి ఏడాదిలోపు దానంతటదే సర్దుకుంటుంది, కానీ రక్తం తక్కువుంటే అది వేరే చూసుకోవాలి. థైరాయిడ్ ఉన్నా, పెద్ద జ్వరం వచ్చిపోయినా ఇట్లే ఊడుతుంది. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు ఊడటం ఎవరికైనా మామూలే, దానికి బెంగ వద్దు. జుట్టు కోసమని ఇంట్లో తీసిన కలబంద రసం మాత్రం తాగొద్దు. పసరు కలిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, గర్భిణులు అసలు తాగకూడదు.

అంగడి జెల్ కొనేటట్లయితే రంగు చూసి కొనొద్దు. కలబంద గుజ్జుకు పచ్చరంగు ఉండదు, అది కలిపింది. డబ్బా వెనక పదార్థాల వరుసలో ఎక్కువున్నది ముందు రాస్తారు. కలబంద పేరు ఎక్కడో చివర ఉండి, ఆల్కహాల్, సెంటు ముందుంటే పొడిబారిన తలకు అది చేటే. చెట్టు పెంచుకోవడం కష్టమేం కాదు. చిన్న పిలక కుండీలో పెట్టి, మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పోయండి. నీళ్లెక్కువైతే వేరు కుళ్లుతుంది. ఏప్రిల్, మే ఎండలో మట్టలు ఎర్రబారతాయి, అప్పుడు నీడకు జరపండి. కింది ముదురు మట్టలే కోయండి. తీసిన గుజ్జు ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులకు మించి ఉంచొద్దు.

తల మీద రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు పోతే అది పేనుకొరుకుడు. చుండ్రు పొలుసులు పొలుసులుగా లేచి కనుబొమల దాకా దిగితే అది వేరే జబ్బు. ఈ రెండింటికీ చర్మం డాక్టరు దగ్గరికే పొండి, కలబందతో రోజులు గడపొద్దు. ముందు ఆ వెంట్రుకలు వెలుతురులో చూసి, తెగుతున్నాయో ఊడుతున్నాయో ఇక్కడే రాయండి. చదివి చెప్తాను.