ఆధార్‌లో మేజర్, టెన్త్ మెమోలో మైనర్... ఈ పెళ్లి రద్దవుతుందా?

ప్రశ్న (కుదించాం): బావ పోయాక అక్క భయపడి మా మేనకోడలికి 2023 మార్చిలో పెళ్లి చేసేసింది. కన్యాదానం నేనే చేశాను. అందుకోసం ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 2004 అని మార్పించాం, టెన్త్ మెమోలో మాత్రం 9-11-2006 ఉంది. ఏడాదిలోపే కొట్టి పంపేశారు. ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దీపావళి వెళ్ళాక కూర్చుని స్టాంప్ పేపర్ మీద విడాకులు రాయించి 2 లక్షలు ఇప్పిస్తామని పెద్దమనుషులు అంటున్నారు. డ్రాఫ్ట్ ఫోటో పంపుతున్నా. ఒప్పుకోమంటారా? అక్క జైలుకి వెళ్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో ముప్పావు వంతు ఆ అత్తగారి గురించే ఉంది, అది పక్కన పెట్టండి. ఈ కేసంతా టెన్త్ మెమోలో ఉన్న తేదీ మీదే నడుస్తుంది. దాని ప్రకారం పెళ్లినాటికి అమ్మాయికి 16 దాటి 4 నెలలు, అంటే 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం సెక్షన్ 3 కింద పెళ్లి రద్దు చేయమని తనే అడగొచ్చు, కానీ మేజరయ్యాక రెండేళ్లు నిండేలోపే. 2026 నవంబర్ 9కి 20 నిండుతాయి. ముందురోజు దీపావళి, పైగా ఆదివారం. పెద్దమనుషులు కూర్చునేసరికి గడువు అయిపోయి ఉంటుంది! ఆలస్యమైతే కోర్టు మాఫీ చేస్తుందిలే అని ధీమాగా ఉండకండి.

ఇక ఆ డ్రాఫ్ట్. మూడో లైను చదివారా అసలు? "వివాహము నాటికి వధువు మేజరు అయి ఉండి" అని రాశారు. దాని కింద అమ్మాయి సంతకం పెడితే తన కేసు తనే చంపుకున్నట్టు. పైగా కులాచారం ఉందని రుజువు చేస్తే తప్ప స్టాంప్ పేపర్ విడాకులు చెల్లవు. సంతకం పెట్టనివ్వకండి, అడ్వాన్సు కూడా తీసుకోకండి. కోర్టు రద్దు చేస్తే పెట్టిన డబ్బు, బంగారం తిరిగి ఇమ్మంటుంది, మళ్లీ పెళ్లి చేసుకునేదాకా మెయింటెనెన్స్ కూడా వేయొచ్చు, ఆ 2 లక్షలు ఏ మూలకి?

ఆధార్ మార్పించడం మాత్రం మన కత్తి తీసుకెళ్లి అవతలోడి చేతిలో పెట్టడమే, అవతలి లాయరు మొదట తీసేది ఆ కార్డే. అయితే వయసు తేల్చడానికి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94లో ముందు స్కూల్ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో, అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే బర్త్ సర్టిఫికెట్, అదీ లేకపోతేనే మెడికల్ టెస్ట్, ఆ వరసలో ఆధార్ లేనే లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇప్పుడు కంగారుపడి మళ్లీ ఆధార్ దిద్దించకండి, ఎందుకు మార్చారో కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

అక్క సంగతి అడిగారు. ఈ చట్టం కింద ఆడవాళ్లకి జైలుశిక్ష లేదు. ఆ సౌకర్యం కన్యాదానం చేసిన మేనమామకి లేదు, మీరు విడిగా ఒక లాయర్ని కలవండి. మీ భయంతో అమ్మాయి గడువు మాత్రం తినేయకండి.

పిటిషన్ అమ్మాయి పేరు మీదే వేయాలి, తను ఇప్పుడు ఉంటున్న చోట వేయొచ్చు కాబట్టి భర్త ఊరికి తిరగక్కర్లేదు. ఫీజుకి ఇబ్బందైతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఫోన్ 15100. వెళ్లేటప్పుడు శుభలేఖ, పెళ్లి ఫోటోలు, మెమో పట్టుకెళ్లండి. మెమో ఒరిజినల్ కాలేజీలో ఇచ్చి ఉంటే రేపే వెళ్లి అడగండి, చదివిన స్కూల్ హెడ్మాస్టర్ దగ్గర అడ్మిషన్ రిజిస్టర్ నకలు కూడా సీలు వేయించి తెచ్చుకోండి.