కార్డియోప్లీజియా పంపు పట్టబోయే అమ్మాయికి

అమ్మాయ్,

వచ్చే వారం నుంచి కార్డియోప్లీజియా లైను, అంటే ఆపరేషన్‌లో గుండెను ఆపి కాపాడే మందును పంపే గొట్టం, నీ చేతికి ఇస్తున్నారని విన్నాను, చాలా సంతోషం. మీ యూనిట్ ప్రోటోకాల్, మీ సర్జన్ మాట ఎప్పుడూ నా మాట కంటే ముందు. దానికి తోడుగా ఇవి గుర్తుంచుకో.

కొత్తవాళ్లందరి చూపూ గుండెను చల్లబరిచే ఐస్ మీదే ఉంటుంది. లెక్క చూడు: కొట్టుకుంటున్న గుండె 100 గ్రాముల కండకు నిమిషానికి 8 నుంచి 10 మి.లీ. ఆక్సిజన్ వాడుతుంది. 37 డిగ్రీల దగ్గరే ఉంచి ఆపేసినా అది 1 మి.లీ. చుట్టుపక్కలకు పడిపోతుంది. 22 డిగ్రీలకు చల్లబరిస్తే 0.3 దాకా దిగుతుంది. పెద్ద పొదుపంతా ఆపడంలోనే ఉంది. అందుకే నీ కన్ను ముందు ఈసీజీ మీద ఉండాలి, ఆ తర్వాతే ఉష్ణోగ్రత మీద.

కలిపేటప్పుడు నిష్పత్తిని పైకి చదివి ఇంకొకరిచేత సరిచూపించు. మామూలు బ్లడ్ కార్డియోప్లీజియాలో నాలుగు పాళ్లు రక్తం, ఒక పాలు పొటాషియం ఉన్న ద్రావణం. డెల్ నీడో అనే ఇంకో రకం కార్డియోప్లీజియాలో సరిగ్గా తలకిందులు. ఆ నిష్పత్తిని నిర్ణయించే ట్యూబింగ్ మారితే పొటాషియం మోతాదూ మారిపోతుంది. 1955లో బ్రిటిష్ వైద్యుడు మెల్‌రోజ్ పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపాడు కానీ, గాఢత మరీ ఎక్కువై కండ దెబ్బతింటోందని తేలి ఆ పద్ధతి మూలపడింది. 1970లలో తక్కువ గాఢతతోనే మళ్లీ నిలబడింది. పొటాషియంతో తొందరపాటు పనికిరాదు.

అయోర్టాను (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిని) మూసే క్లాంప్ పడగానే 4 నుంచి 8 డిగ్రీల ద్రావణం పంపుతావు. అంతకుముందే లైనులో ఒక్క బుడగ కూడా మిగలకూడదు. మిగిలితే అది పైకి తిరిగి ఉండే కుడి కరోనరీలోకే (గుండె కండకు రక్తమిచ్చే ధమనిలోకే) పోతుంది. రూట్ ప్రెషర్, అంటే అయోర్టా మొదట్లో ఉండే ఒత్తిడి, 60 నుంచి 80 mmHg మధ్య ఉంచు. మెషిన్ మీద కనిపించేది లైను ప్రెషర్, సన్నటి క్యాన్యులా (అయోర్టాలో దూర్చే గొట్టం) వల్ల అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఆ రెండింటినీ కలగలిపావంటే, రూట్ మెత్తగా ఉన్నా ప్రెషర్ బాగుందనుకుంటావు.

నిమిషం లోపు ఈసీజీ గీత చదునుగా పడాలి. పడకపోతే గొంతెత్తి చెప్పు, మొహమాటపడకు. క్లాంప్ పూర్తిగా పడిందా, ద్రావణంలో పొటాషియం ఉందా, అయోర్టిక్ వాల్వ్ కారుతోందా, ఈ మూడే చూడాలి. వాల్వ్ కారితే మందు కరోనరీల్లోకి పోకుండా ఎడమ జఠరికలోకి జారి దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బిన గోడలో లోపలి పొరకు రక్తం అందదు, సాగిన కండ తర్వాత సరిగ్గా ముడుచుకోదు. అలాంటి కేసులో వెంట్ (జఠరికను ఖాళీ చేసే గొట్టం) పనిచేయాలి, మందు నేరుగా కరోనరీ రంధ్రాల్లోకో, కరోనరీ సైనస్ (గుండె కండ పెద్ద సిర) గుండా వెనక నుంచో వెళ్లాలి. సైనస్ ప్రెషర్ 40 దాటనివ్వకు, సిర చిరిగే ప్రమాదం ఉంది. ఆ దారిలో కుడి జఠరికకు మందు సరిగ్గా అందదు, దాన్ని పట్టించుకునేది నువ్వే కావాలి.

బ్లడ్ కార్డియోప్లీజియాను 20 నిమిషాలకోసారి మళ్లీ ఇస్తాం. ఊపిరితిత్తుల బ్రాంకియల్ రక్తనాళాల నుంచి వచ్చే వెచ్చటి రక్తం మందును కడిగేస్తూ ఉంటుంది కాబట్టి, గీతలో చిన్న అల కనిపించినా గడియారం కోసం ఆగకు. డెల్ నీడోలో కిలోకు 20 మి.లీ., పెద్దవాళ్లకు లీటరు మించకుండా, సాధారణంగా ఒక గంటకు పైగా నిలుస్తుంది.

ఐస్ గడ్డలు గుండెను నేరుగా తాకకూడదు, సెలైన్ స్లష్ (మెత్తటి మంచు ముద్ద) మాత్రమే వాడాలి. ఎడమ పక్కన పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే సంచి) మీదుగా, ఊపిరి తీయించే డయాఫ్రం కండరాన్ని కదిలించే ఫ్రెనిక్ నరం పోతుంది. అది చల్లదనానికి మొద్దుబారితే డయాఫ్రం పైకి లేచిపోతుంది, పేషెంట్‌ను వెంటిలేటర్ నుంచి తీయడం కష్టమవుతుంది.

క్లాంప్ తీసే ముందు వెచ్చటి రక్తం కొన్ని నిమిషాలు, తక్కువ ప్రెషర్‌తో ఇవ్వమంటారు, తొందరపడి ఎక్కించకు. తీశాక గుండె ఫిబ్రిలేషన్‌లోకి వెళ్తే (లయ తప్పి వణికితే) గుండెకే ఆనించే లోపలి షాక్ ప్యాడిల్స్‌తో 10 నుంచి 20 జౌల్స్ సరిపోతాయి. కాల్షియం మాత్రం ఆ మొదటి నిమిషాల్లో వద్దు. బైపాస్ (గుండె-ఊపిరితిత్తుల యంత్రం) నుంచి దించే ముందు పొటాషియం రిపోర్టు తెప్పించుకుని, అంకె సర్జన్‌కూ అనస్తీషియా డాక్టర్‌కూ వినపడేలా చదువు.

నీ మేలు కోరే
పెదనాన్న