యాదిమరుపు కాదు బిడ్డా, నెమ్మది

హనుమకొండ

బిడ్డా,

నీ కథ రెండుసార్లు చదివిన. ఏనుమాముల మార్కెట్ల బస్తాలు మోసే హమాలి, మిర్చి ఘాటుకు అతని కండ్లల్ల నీళ్లు, సందె దాటినా ఆరని భార్య పొయ్యి, అంతా నువ్వు దగ్గరుండి చూసి రాసినవే. నా పెన్సిలు ఆగింది ఒక్కకాడనే. హెచ్‌ఐవీ మెదడుకెక్కి అతనికి డిమెన్షియా, అంటే బుద్ధి మందగించే జబ్బు, వచ్చిందన్నవు. తెల్లారి లేచి భార్యను "నువ్వెవరు?" అని అడిగిండన్నవు. ఆ మాట నేను నమ్మలేకపోయిన.

అది అల్జీమర్స్ ముదిరిన మనిషి మాట. తెలియనోళ్లు చదివి దాటిపోతరేమో గాని, ఈ జబ్బున్న మనిషితోని ఒక్క ఇంట్ల బతికినోళ్లు కూడా నీ కథ చదువుతరు. వాళ్లకు తెలిసిపోతది.

హెచ్‌ఐవీ మెదడులకు పోనీకి ఏండ్లు పట్టవు. ఒంట్లకు వచ్చిన మొదటి వారాలల్లనే పోతది. రక్తంల తిరిగే మోనోసైట్లనే తెల్లకణాలకు మెదడు గడప దాటే వీలున్నది. వైరస్ వాటి కడుపుల దాక్కుని దాటుతది. లోపలికి పోయినంక న్యూరాన్లను, అంటే మెదడు నరాల కణాలను, నేరుగ పట్టదు. వాటి నడుమ కావలి కాసే మైక్రోగ్లియాను, మాక్రోఫేజ్‌లను పట్టుకుంటది. అవి రాజేసే వాపుకు, వైరస్ విడిచే ప్రొటీన్లకు న్యూరాన్ల కొమ్మలు ఎండుతయి. కావలోడే చూరుకు నిప్పు పెట్టినట్టు.

ఆ దెబ్బ ఎక్కువ తగిలేది మెదడు లోతట్టున, బేసల్ గాంగ్లియాకు, దాని చుట్టూ ఉన్న తెల్ల పదార్థానికి. పనికి వరుస, కదలికకు వేగం, లేచి ఏదన్న చెయ్యాలన్న బుద్ధి, వీటన్నిటికీ ఆ జాగలు కావాలె. అందుకే ముఖాలు, పేర్లు చాలాకాలం నిలుస్తయి. ముందుగాల పోయేది వేగం. అడిగినదానికి జవాబు వస్తది, కాని ఎంతసేపటికో. నడక తూలుతది. పిల్లలు నవ్వుతుంటే మొఖంల కదలిక ఉండదు. ఇంట్లోళ్లు బద్ధకమంటరు, తాగుడంటరు, దిగులంటరు. దిగులు నిజంగనే ఉండొచ్చు కూడా, డాక్టర్లు దాన్ని విడదీసి చూడాల్సి వస్తది.

నేను తాగుడనే అన్న.

కొత్తవాడల నాకొక దోస్తు ఉండె, జంపఖానాలు నేసేటోడు. కాలితోని తొక్కుడు, నూలు మోసే నాడె విసురుడు, పేకను దగ్గరికి కొట్టుడు, ఈ మూడూ ఆయన చేతుల ఒక్క పని లెక్క సాగేవి. 2003 ప్రాంతంల ఆ వరుస చెడ్డది. తొక్కి ఆగేటోడు. నాడె చేతులనే ఉండేది, దాన్ని చూసుకుంట కూసునేటోడు. చారల లెక్క తప్పేది, తప్పిందని ఆయనకు తెలిసేది. నా పేరు మరువలేదు. నా పెండ్లికి ఎవరెవరు వచ్చిన్రో వరుస పెట్టి చెప్పేటోడు. అయినా తాగి కూసున్నడనే అనుకున్న, అట్లనే ఒక కథల రాసిన. అది అచ్చయింది. ఇప్పటిదాంక దాన్ని ఏ సంపుటిల చేర్చనియ్యలేదు.

చాన్నాళ్లకు ఒక డాక్టరు నాకొక పరీక్ష చూపించిండు. అంతర్జాతీయ హెచ్‌ఐవీ డిమెన్షియా స్కేలంటరు, 2005ల వచ్చింది. నాలుగు మాటలు చెప్పి యాదుంచుకొమ్మంటరు. బొటనవేలు, చూపుడువేలు అయిదు సెకన్లల ఎన్నిసార్లు తాకిస్తడో లెక్కపెడతరు. ఇగ చెయ్యి బల్ల మీద పెట్టించి పిడికిలి, బోర్ల అరచెయ్యి, నిలువంచు, ఈ మూడింటిని వరుస తప్పకుండ మళ్ల మళ్ల చేయిస్తరు. ఆఖరుకు ఆ నాలుగు మాటలు అడుగుతరు. 12కు 10, అంతకు తక్కువ వస్తే ఇంకా లోతుగ చూడాలె. జబ్బున్నదని అదొక్కటే తేల్చదు. పిడికిలి, అరచెయ్యి, అంచు అని ఆయన చేసి చూపిస్తుంటే నాకు మగ్గం కనబడ్డది. నీ హమాలికి ఆ పరీక్ష పెట్టు. బస్తాలెత్తిన చెయ్యి పిడికిలి కాడ ఆగిపోవాలె, తరువాతేందో అతను వెతుక్కోవాలె. "నువ్వెవరు" అన్నది కొట్టెయ్.

ఇంకొకటి. నీ కథ ఇప్పటి కాలంల నడుస్తది, కాని అండ్ల గోలీల మాటే లేదు. మన దేశంల సర్కారు ఏఆర్‌టీ అనే, హెచ్‌ఐవీని అణిచే మందు ఉచితంగ ఇచ్చుడు మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. 2017 నుంచి సీడీ4 లెక్క, అంటే ఒంట్ల జబ్బుతోని కొట్లాడే తెల్లకణాల లెక్క, ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలంగనే మందు మొదలుపెడుతున్నరు. ఈ మందులొచ్చినంక ముదిరిన డిమెన్షియా బాగా తగ్గింది. తేలికపాటి మందగింపు మాత్రం మందు వాడేటోళ్లల్ల కూడా కనబడుతది, సీడీ4 ఒకప్పుడు బాగా పడిపోయినోళ్లల్ల మరీ. ఈ జబ్బే ఉన్న నా దోస్తు మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు మళ్ల మగ్గమెక్కిండు. పాత వేగం రాలేదు, లెక్క మాత్రం తప్పలేదు. నీ హమాలిని ఆరో పేజీల ఎందుకు చంపినవ్? నెమ్మదించిన బుద్ధి గోలీ మరుస్తది, మరిచిన గోలీ బుద్ధిని ఇంకింత నెమ్మది చేస్తది. ఆ సుడిల నుంచి మనిషిని రోజూ పొద్దుగూకంగ ఒక గోలీతోని గుంజుకొచ్చేది ఆ భార్య. నీ కథల ఆమె ఎదురుచూసుడు తప్ప ఏం చెయ్యదు. ఆమెకు పని ఇయ్యి.

జరంతోని తలనొప్పి, ఉన్నట్టుండి సోయి తప్పుడు రాసిన పేరా తీసెయ్యి. అది మెదడు పొరలకు సోకే టీబీ మెనింజైటిస్సో, క్రిప్టోకాకస్ అనే బూజో కావచ్చు. దానికి దవాఖానకు ఉరకాలె, అది వేరే కథ.

ఆఖరుది. ఈ మనిషి మీ ఊర్ల నిజంగనే ఉన్నడని చీటీల రాసినవు. ఒకరికి హెచ్‌ఐవీ ఉన్నదని వాళ్ల ఒప్పుదల లేకుండ బయటపెట్టొద్దని 2017 చట్టం చెప్తది, 2018 సెప్టెంబర్ నుంచి అమలుల ఉన్నది. చట్టం సంగతి అటుంచు. ఊరి పేరు మార్చు, ఇంటి ముందటి చింతచెట్టు తీసెయ్, చెయ్యి మీది పచ్చబొట్టు తీసెయ్. ఆయన బిడ్డకు సంబంధాలు చూస్తున్నరని నువ్వే రాసినవు కదా.